ఇడిసిపెట్టి పోయినారు

ఆలూరు దాటి లోపలికి పోతే ఎర్రదిన్నె అని ఒక పల్లె వస్తుంది. అక్కడ పత్తి తీయడం అయిపోగానే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. జనం కూలీల మేస్త్రీ పంపిన లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు, ఉగాది ముందర తిరిగి వస్తారు. దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పక్కనున్న కన్నడ సీమలో సుగ్గి అంటే కోతల కాలం, సంబరం. ఈ పల్లెకు వచ్చేసరికి ఆ మాటలోని సంబరం దారిలో ఎక్కడో జారిపోయి, పోవడం ఒక్కటే మిగిలింది.

పోయేవాళ్లకు చిక్కంతా పిల్లలతోనే. వెంట పిల్చుకుపోతే బడి పోతుంది, చేలగట్ల మీద పట్టలు కప్పిన గుడిసెల్లో దగ్గులూ జ్వరాలూ. ఊళ్లో ఉంచిపోతే కూడు పెట్టేదెవరు? ముసలివాళ్లున్న ఇళ్లలో కొంత నయం. ఆ ముసలివాళ్లకే ఒకరు వండిపెట్టాల్సిన ఇళ్లలో అదీ లేదు. ఈ సంగతి నాగలతకు పట్టింది. ఆమె ఆలూరులో ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పి మానేసిన మనిషి. భర్త వీరభద్రకు ఊళ్లో వేరుశనగ కాయలు నిలవపెట్టే గోడౌను ఒకటి ఉంది. వరసగా పంట పోవడంతో అది ఖాళీగా పడి ఉండేది. నాగలత దాన్ని కడిగించి, సున్నం వేయించి, వంటకు రామేశ్వరమ్మను కుదుర్చుకుని, సుగ్గికి పోయేవాళ్ల పిల్లలను అందులో ఉంచుకోవడం మొదలుపెట్టింది. పొద్దున బడికి పంపేది, సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని చదివించేది, రాత్రి వాళ్ల మధ్యనే చాప వేసుకునేది. వీరభద్ర కొన్నాళ్లు గొణిగాడు గాని ఆ గొణుగుడులో పట్టు లేదు.

అందరికన్నా ముందు పిల్లను తెచ్చి అప్పగించింది హులిగెమ్మ. ఆమె మొగుడు అయ్యన్న బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. అత్తగారూ లేదు, పుట్టింటివాళ్లూ లేరు. కూతురు శివజ్యోతి అప్పుడు ఒకటో తరగతి. లెక్కల్లో గట్టి పిల్ల, నోరు కూడా గట్టిదే. ఈ పిల్ల పదో తరగతి దాకా ఆగకుండా చదవాలన్నది హులిగెమ్మకు ఉన్న ఒకే ఒక కోరిక. దాన్ని ఆమె దాచుకునేది కాదు, కలుపు తీస్తూ కూడా పక్క సాలులోని వాళ్లకు చెప్పేది.

రెండు సుగ్గులు హాయిగా గడిచాయి. పిల్లలు తిన్నారు, చదువుకున్నారు, కొట్టుకున్నారు, తల్లిదండ్రులు రాగానే ఇళ్లకు పోయారు. అనుమతులనే ఊసు ఎవరికీ రాలేదు. అది తెచ్చినవాడు ఒక దాత. బద్వేలు దగ్గర పుట్టి, కడపలో రోడ్ల కాంట్రాక్టులు చేసే భూపేష్ పనిమీద ఈ దారిన పోతూ గోడౌనులో పిల్లల పాట విని ఆగాడు. లోపలికి వచ్చి చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఏటా కొంత ఇస్తానన్నాడు, అయితే ఇన్‌కమ్ ట్యాక్సులో మినహాయింపు వచ్చే రసీదు కావాలన్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే అతని మంచితనానికి ఒక నంబరు కావాలి.

ఆ నంబరు కోసం నాగలత ఆలూరులో బసవరాజ్ దగ్గరికి పోయింది. బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్న బసవరాజ్, బోరు పర్మిషన్ నుంచి చర్చి రిజిస్ట్రేషన్ దాకా ఏదైనా తెప్పిస్తాడు. ఏ ఆఫీసులో ఏ కుర్చీకి ఏ పూట పోవాలో అతనికి తెలుసు. రసీదు కావాలంటే ముందు సంఘం ఉండాలన్నాడు. సంఘానికి సభ్యులు, నియమావళి, ఒక పేరు కావాలి. నాగలత ‘తోడు’ అని పేరు పెట్టింది. ఆ పేరుతో ఇంకెక్కడో ఒక సంఘం ఉందట, కుదరదన్నారు. ‘ఎర్రదిన్నె తోడు’ అన్నాక కుదిరింది. ఆ తర్వాత పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, పన్ను మినహాయింపు. అన్నీ వచ్చేశాయనుకుని నాగలత ఊపిరి పీల్చుకుంటుండగా బసవరాజ్ అసలు సంగతి చెప్పాడు. పిల్లలకు పగలు చదువు చెబితే ఒక చట్టం, రాత్రి పడుకోబెట్టుకుంటే మరో చట్టం. ఆ రెండో చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లలను ఉంచుకుంటే జైలు కూడా పడవచ్చు.

అప్పుడు మొదలైంది తిరుగుడు. రిజిస్ట్రేషన్‌కు జతపరచాల్సినవి కొండవీటి చాంతాడంత ఉన్నాయి. కట్టడం గట్టిగా ఉందని ఇంజనీరు కాగితం, నీళ్లు మంచివని ల్యాబు కాగితం, మంటలు లేస్తే ఆర్పగలమని ఫైర్ ఆఫీసు కాగితం. వంటగదికి ఫుడ్ లైసెన్సు. బొరుగుల ఉగ్గాని చేయడానికి కూడా సర్కారును అడగాలా అని రామేశ్వరమ్మ నిజంగానే అడిగింది, నాగలత నిజంగానే అడగాలని చెప్పింది. నాగలత గుణగణాలు మంచివని పోలీసు కాగితం కూడా ఉండాలి. విచారణకు వచ్చిన కానిస్టేబులు ఒకప్పుడు ఆమె దగ్గర తెలుగు చదువుకున్నవాడే. టీచరమ్మను ఏమి అడగాలో తెలియక, ఆమె పెట్టిన బొరుగులు తిని, సంతకం చేసి పోయాడు. మొత్తానికి ఆ ఏడు వానాకాలమంతా నాగలత కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది.

దరఖాస్తులో ఒకచోట పిల్లల పరిస్థితిని ఒక వాక్యంలో వివరించమని ఉంది. కథ చెడింది ఇక్కడే.

ఎర్రదిన్నెలో పిల్లవాణ్ని బడి దగ్గర దించి వస్తే బడికాడ ఇడిసిపెట్టి వచ్చినామంటారు. భార్యను పుట్టింట్లో దింపినా ఇడిసిపెట్టడమే, సంచీ అంగట్లో ఉంచినా ఇడిసిపెట్టడమే. తిరిగి వచ్చి తీసుకుపోతామన్నది ఆ మాట లోపలే ఉంటుంది, విడిగా చెప్పనక్కర్లేదు. సుగ్గికి పోయేవాళ్లు పిల్లలను నాగలత దగ్గర ఇడిసిపెట్టి పోయినారని ఊరంతా అనేది. నాగలతా అదే అనేది. అయితే ఆమె తెలుగు టీచరు. పిల్లల నోళ్లలోని యాసను దిద్దుతూ సగం జీవితం గడిపిన మనిషి, సర్కారుకు రాసే కాగితంలో యాస రాస్తుందా? చక్కటి దస్తూరితో, ఒక్క అక్షర దోషం లేకుండా, ‘వీరు తల్లిదండ్రులు విడిచిపెట్టి వెళ్లిన పిల్లలు’ అని రాసింది. బసవరాజ్ దాన్ని అట్లాగే టైపు చేశాడు. అతనూ ఆ పక్కవాడే, అతనికీ అందులో తప్పు కనపడలేదు.

దరఖాస్తు కర్నూలు చేరేసరికి పత్తి అయిపోయింది. లారీలు వచ్చాయి. హులిగెమ్మ ఎప్పటిలాగే పిల్లను నాగలతకు అప్పగించి, సద్దిమూట పట్టుకుని లారీ ఎక్కింది. లారీ పోయిన వారానికి తనిఖీకి జీపు వచ్చింది.

జీపులో వచ్చిన ఆఫీసరు యామిని. భీమవరం పక్క పిల్ల, రాయలసీమకు బదిలీ అయి ఎన్నాళ్లో కాలేదు. పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. ఆ శ్రద్ధే లేకుంటే గేటు దగ్గరే సంతకం పెట్టించుకుని పోయేది, ఏ గొడవా ఉండేది కాదు. ఆమె కర్నూలులో ఆ వాక్యం చదివి ఉలిక్కిపడింది. ఒక్క ఊళ్లో ఇంతమంది పిల్లలను కన్నవాళ్లు విడిచిపెట్టి పోవడమేమిటి, పోతే ఇన్నాళ్లూ ఒక్కరి గురించీ కబురు లేకపోవడమేమిటి అని అడగాల్సిందే కదా. నాగలత ఆ పూట ఊళ్లో లేదు. చివరగా మిగిలిన ఫైర్ ఆఫీసు కాగితం కోసం కర్నూలులోనే ఉంది. అందుకని యామిని రామేశ్వరమ్మను అడిగింది, ఈ పిల్లల తల్లిదండ్రులు ఏమయ్యారని. రామేశ్వరమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకుని, వినయంగా జవాబు చెప్పింది.

“ఈడ ఇడిసిపెట్టి పోయినారు మేడమ్.”

జీపు చూసి ఊళ్లో ఉన్న అవ్వలూ తాతలూ పరుగున వచ్చారు. వీడు నా మనవడు, ఇది నా కూతురి బిడ్డ అని ఎవరి పిల్లలను వాళ్లు పట్టుకున్నారు. యామిని పేర్లు రాసుకుంది, కొంత కుదుటపడింది. చివరికి శివజ్యోతి ఒక్కతే మిగిలింది. ఈ పాపకు ఎవరున్నారని అడిగితే, వాళ్ల నాయన సచ్చిపోయినాడు, వాళ్లమ్మ ఈడ ఇడిసిపెట్టి పోయింది, ఊర్లో ఇంగెవరూ ల్యారు అని రామేశ్వరమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందులో అబద్ధం లేదు. విడిచిపెట్టిన బిడ్డ కనిపిస్తే ఆలస్యం లేకుండా జిల్లా పిల్లల కమిటీ ముందు ఉంచాలని చట్టం. యామిని శివజ్యోతిని జీపు ఎక్కించుకుంది. పిల్ల ఏడవలేదట. అక్కడ బడి ఉంటుందా అని ఒక్కటే అడిగిందట. ఉంటుందని చెబితే తన పుస్తకాల సంచీ తెచ్చుకుని వెనక సీట్లో కూర్చుందట.

సాయంత్రం నాగలత ఫైర్ కాగితం పట్టుకుని బస్సు దిగేసరికి రామేశ్వరమ్మ గడపలో కూర్చుని ఏడుస్తోంది. విషయం విన్న నాగలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. యామినికి ఫోను చేసి, ఎవరి బిడ్డను ఎవరినడిగి తీసుకుపోయారని గట్టిగా నిలదీసింది. యామిని గొంతు పెంచలేదు. దరఖాస్తులోని వాక్యం చదివి వినిపించి, ఇది మీరు రాసిందే కదండీ అంది. తన వాక్యాన్ని వేరే ఊరి గొంతులో వినేసరికి నాగలతకు అందులో ఏముందో మొదటిసారి అర్థమైంది. ఆ తర్వాత నిదానంగా సుగ్గి సంగతి, వలస సంగతి అంతా చెప్పింది. యామిని ఓపికగా విన్నది. నమ్మింది కూడా. కానీ నమ్మడం వేరు, బిడ్డను కమిటీ ముందు పెట్టాక తిరిగి ఇవ్వడం వేరు. తల్లి స్వయంగా రావాలి, కమిటీ ఆమెను విచారించాలి, అంతవరకూ పాప కర్నూలులోని ఆడపిల్లల హోములో ఉంటుంది.

హులిగెమ్మకు ఫోను లేదు. మేస్త్రీకి చేస్తే అతను చేలోకి పోయి చెప్పాడు. చేలోనుంచి నేరుగా బయలుదేరి, రైళ్లూ బస్సులూ మారి ఆమె ఎర్రదిన్నెకు వచ్చేసరికి చేతివేళ్లు ఇంకా మిరప ఘాటుతో మండుతున్నాయి. తిడుతుందని నాగలత కాచుకుని ఉంది. తిడితే కొంత తేలికపడేది కూడా. హులిగెమ్మ తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, అర్థం కాని విషయాన్ని అడిగినట్టు అడిగింది.

“నీ తావ ఇడిసిపెట్టినా గదక్కా. నువ్వు ఉండంగా పాప యాడికి పోయింది?”

నాగలత కంచం తెచ్చి ముందు పెట్టింది. అన్నం తినమంది, తినలేదు. కళ్లు తుడుచుకోబోయి వేళ్ల ఘాటు గుర్తొచ్చి హులిగెమ్మ చేతులు దించేసుకుంది. నాగలత ఎంత సిగ్గుపడిందంటే ఆ రోజు మళ్లీ ఆమె మొహం చూడలేకపోయింది.

కమిటీ పిలుపు వచ్చింది. విచారణకు ముందురోజు బసవరాజ్ ఎర్రదిన్నెకు వచ్చాడు. అతను వస్తే పని మీద వచ్చినట్టే. ఫైలు బాగా కదులుతోందని, గోడౌనులో నిజంగానే దిక్కులేని బిడ్డ దొరికింది కాబట్టి రిజిస్ట్రేషన్ ఖాయమని అన్నాడు. రేపు కమిటీ ముందు ఆ మాట మీద రచ్చ చేయవద్దని, తల్లి విడిచిపెట్టింది, ఇప్పుడు బుద్ధి తెచ్చుకుని వచ్చింది, కాబట్టి బిడ్డను ఇవ్వండి అంటే అందరి పనీ అయిపోతుందని చెప్పాడు. అట్లా కాకుండా, వీళ్లు విడిచిపెట్టిన పిల్లలు కానే కారు, అమ్మానాయనలు ఏటా వచ్చి పిల్చుకుపోయే పిల్లలని చెబితే మాత్రం దరఖాస్తు చెల్లదు. అది వేరే శాఖ, వేరే అనుమతి. అది వచ్చేదాకా గోడౌను మూసేయాలి.

“ఒక్క మాటక్కా. ఆ ఒక్క మాట నోట్లోనే పెట్టుకుంటే తక్కిన పిల్లోల్లంతా ఈడనే ఉంటారు,” అన్నాడు బసవరాజ్.

అతను చెప్పింది తప్పని నాగలతకు అనిపించలేదు. అదే ఆమె కష్టం. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. మూసేస్తే ఈ పిల్లల్లో సగంమంది మిరపచేలకు పోతారు. మూయకుండా ఉండాలంటే హులిగెమ్మ పేరు పక్కన బిడ్డను విడిచిపెట్టిన తల్లి అని సర్కారు కాగితంలో పడాలి. హులిగెమ్మకు చదవడం రాదు, ఆమెకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు నాగలత తనను తానే అసహ్యించుకుంది గాని, ఆలోచన మాత్రం వెంటనే పోలేదు. కర్నూలు బస్సులో కూడా అది పక్క సీట్లోనే కూర్చుంది.

కమిటీ గది చిన్నది. అధ్యక్షురాలు వయసు మళ్లిన లాయరమ్మ, మాట మెత్తన. యామిని ఫైలు పట్టుకుని ఒక పక్కన నిలబడింది. శివజ్యోతిని లోపలికి తీసుకొచ్చారు. తలకు నూనె రాసి రెండు జడలు వేశారు. తల్లిని చూసి పరుగెత్తబోయింది, ఆయా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. అధ్యక్షురాలు హులిగెమ్మను దగ్గరికి పిలిచి, భయపడవద్దని, ఉన్నది ఉన్నట్టు చెప్పమని అంది. బిడ్డను నువ్వు విడిచిపెట్టి వెళ్లావా అని అడిగింది.

“ఇడిసిపెట్టే పోయినా సామీ,” అంది హులిగెమ్మ. “ఇడిసిపెట్టకుంటే పాప బడి ఏం కావాల?”

అధ్యక్షురాలు తల ఊపి రాసుకుంది. హులిగెమ్మ ఇంకా ఆమె మొహంలోకే చూస్తోంది, తను సరిగ్గానే చెప్పాననే ధీమాతో. వెంట వచ్చిన బసవరాజ్ గుమ్మం బయట నుంచి నాగలత వైపు చూశాడు. అతను చెప్పినట్టే జరుగుతోంది. నాగలత ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. హులిగెమ్మ తన నోటితో తనే ఒప్పుకుంది.

నాగలత లేచి నిలబడింది. ఆ వాక్యం తను రాసిందని, తప్పు రాశానని చెప్పింది. మా పక్క ఇడిసిపెట్టడమంటే వదిలించుకోవడం కాదు, నమ్మినవాళ్ల దగ్గర దిగబెట్టి రావడమని చెప్పింది. యాసను దిద్దబోయి మాటనే మార్చేశానంది. ఈమె ఏటా వచ్చి బిడ్డను తీసుకుపోయింది, ఊరంతా అట్లాగే తీసుకుపోతుంది, ఇక్కడ విడిచిపెట్టిన బిడ్డ ఒక్కరూ లేరు అంది. అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. అదే నిజమైతే మీ దరఖాస్తు ఈ చట్టం కిందికే రాదు, మీకు తెలుసా అని అడిగింది. తెలుసని నాగలత చెప్పింది. అనుమతి లేకుండా పిల్లలను ఉంచుకోకూడదు, రేపటి నుంచే మూసేయాల్సి ఉంటుందని అధ్యక్షురాలు అంది. దానికీ సరేనంది.

బిడ్డను తల్లికి ఇచ్చేశారు. ఇచ్చేముందు ఒక హామీ పత్రం రాయించారు. ఇకమీదట తన బిడ్డను విడిచిపెట్టి వెళ్లనని, వెళితే చట్టప్రకారం చర్యకు లోబడతానని అందులో ఉంది. అందరి చేతా రాయించుకునేదే, అచ్చు వేసి ఉన్నదే. హులిగెమ్మకు చదివి వినిపించమని నాగలతకు ఇచ్చారు. చదువుతూ నాగలత ఆ మాట దగ్గర ఆగింది. హులిగెమ్మ దాన్ని ఏ అర్థంలో వింటుందో ఆమెకు తెలుసు. మళ్లీ నోరు విప్పితే, మళ్లీ వాయిదా పడితే, పిల్ల ఇంకో రాత్రి హోములో పడుకోవాల్సి వస్తుందేమోనని భయపడింది. చదివేసింది. హులిగెమ్మ శ్రద్ధగా విని, వేలిముద్ర వేసి, ఆ ఇంకు వేలితోనే కూతురిని ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు పిల్లకు ఎప్పుడో దాటిపోయింది, అయినా బస్టాండు దాకా దించలేదు.

గోడౌను మూతపడింది. వండిపెట్టే ఓపికున్న అవ్వలూ తాతలూ ఉన్న పిల్లలు వాళ్ల దగ్గరికి పోయారు. మిగిలినవాళ్ల కోసం తల్లులో తండ్రులో తిరిగి వచ్చి, కొందరు ఊళ్లోనే ఉండిపోయారు, కొందరు పిల్లలను మిరపచేలకు పిల్చుకుపోయారు. ఎవరూ నాగలతను ఒక మాట అనలేదు. జీపు వచ్చి శివజ్యోతిని ఎక్కించుకుపోయిందన్న సంగతి మాత్రం చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది.

నాగలత ఊరుకునే రకం కాదు. ఈసారి సరైన శాఖకు, సరైన అనుమతికి, వలస కూలీల పిల్లల సీజనల్ హాస్టల్ అని రాసి దరఖాస్తు పెట్టింది. ప్రతి వాక్యాన్నీ రాశాక ఇది వేరే జిల్లావాళ్లకు ఎట్లా వినపడుతుందోనని పైకి చదువుకుంది. ఇంజనీరు కాగితం, నీళ్ల కాగితం మళ్లీ కొత్తగా తెచ్చింది, పాతవాటికి గడువు తీరిపోయింది. చెప్పులరిగేలా తిరిగింది. దసరా పోయాక అనుమతి వచ్చింది. భూపేష్ మంచాలు పంపాడు, ట్యాక్సు రసీదు తీసుకున్నాడు. అంతవరకూ చాపల మీద పడుకున్న పిల్లల కోసం రామేశ్వరమ్మ కొత్త మంచాల మీద దుప్పట్లు పరిచింది. గోడ మీద అనుమతులన్నీ అద్దాల్లో వేలాడుతున్నాయి. అంత పద్ధతిగా నడవడానికి సిద్ధమైన హాస్టల్ ఆ చుట్టుపక్కల లేదు, ఈ మాట బసవరాజే అన్నాడు.

పత్తి అయిపోయింది. లారీలు వచ్చాయి. ఒక్కరూ పిల్లను తీసుకురాలేదు.

నాగలత ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి అన్ని అనుమతులూ ఉన్నాయని, జీపులో ఎవరూ రారని, వచ్చినా తీసుకుపోలేరని చెప్పింది. అందరూ కూర్చోమన్నారు, మజ్జిగ ఇచ్చారు, చూద్దాములే అక్కా అన్నారు. చివరికి హులిగెమ్మ గుడిసెకు పోయింది. హులిగెమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. శివజ్యోతి నాలుగో తరగతి లెక్కల పుస్తకం పట్టుకుని గడపలో కూర్చుంది. నాగలత చాలాసేపు బతిమాలింది. ఆ హామీ పత్రంలోని మాటకు అర్థం అది కాదని, నా దగ్గర ఉంచిపోతే తప్పు కాదని, కావాలంటే కర్నూలుకు పోయి రాయించుకొస్తానని చెప్పింది. హులిగెమ్మ విన్నది. నాగలత అంటే ఆమెకు కోపమేమీ లేదు, అది చూస్తేనే తెలుస్తోంది.

“నువ్వే చదివి చెప్తివి గదక్కా, ఇడిసిపెట్టి పోకూడదని. ఏలిముద్ర యేసినా,” అంది. “ఇంగొకసారి ఎవురన్నా పాపను పిల్చుకపోతే నేను బతకల్యాను. ఈడ ఇడిసేది ల్యా.”

నాగలత లేచి వచ్చేసింది. అప్పుడు చదవడం ఆపి ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే ఏమయ్యేదని ఆమె దారంతా ఆలోచించింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. మర్నాడు లారీ బయలుదేరేటప్పుడు ఇంట్లోనే ఉండిపోయింది.

సంక్రాంతి దాటాక యామిని వచ్చింది. ఈసారి జీపు ఊరి బయటే ఆపి నడిచి వచ్చింది, పిల్లలు బెదరకూడదని. తల్లికి అప్పగించిన బిడ్డ హామీ ప్రకారం తల్లి దగ్గరే ఉందా లేదా అని ఒకసారి చూసి నివేదిక పంపాలి. అది కమిటీ పని. హాస్టల్ చూస్తానని మాత్రం తనంతట తనే అడిగింది. గోడ మీది అనుమతులు వరసగా చదివింది. మంటలార్పే సిలిండరు గడువు చూసింది. వంటగది చూసింది. మంచాల మధ్య నుంచి ఆ చివరి దాకా నడిచి తిరిగి వచ్చింది. పిల్లలు బడినుంచి ఎన్ని గంటలకు వస్తారని అడిగింది. ఇక్కడ పిల్లలు లేరని నాగలత చెప్పింది.

యామినికి ఇప్పుడు సుగ్గి అంటే ఏమిటో తెలుసు.

“శివజ్యోతి తల్లి దగ్గరే ఉందా?” అని అడిగింది.

“ఉండాది మేడమ్,” అంది నాగలత. ఆఫీసర్ల ముందు ఆమె నోట యాస వచ్చింది అదే మొదటిసారి. “గుంటూరు కాడ మిరపచేన్లో, వాళ్లమ్మ పక్క సాలులో కాయలు కోస్తాంది.”

యామిని ఒక మంచం అంచున కూర్చుంది. బ్యాగులోంచి నివేదిక కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది. బిడ్డ తల్లి సంరక్షణలో ఉందా అనే గడికి ఎదురుగా ఉన్నదని, హామీ ఉల్లంఘన జరిగిందా అనే గడికి ఎదురుగా లేదని రాసింది. బడి గురించి అందులో గడి లేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సాక్షి సంతకం కోసం నాగలతకు ఇచ్చింది. నాగలత అలవాటు ప్రకారం మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఈసారి అందులో తప్పు మాట ఒక్కటి కూడా లేదు. సంతకం పెట్టి ఇచ్చేసింది.